నాన్నకు వినపడని ముల్లు

మా ఇంట్లో నాన్నతో మాట్లాడాలంటే ముందు ఫ్యాను ఆపాలి.

మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో ఆ ఊళ్ళో బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫ్యాను ఒక్కటే అయితే ఫరవాలేదు. ఫ్రిజ్జు ప్లగ్గు పీకాలి, వీధి వైపు కిటికీ మూయాలి, కుళాయి కట్టెయ్యాలి. అప్పుడు అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, "అన్నం పెట్టమంటావా?" అని అడుగుతుంది. ఆయన "ఊఁ" అంటాడు. ఆ ఒక్క ఊఁ కోసం ముగ్గురం చెమటతో తడిసి ముద్దయ్యేవాళ్ళం. చెమట తుడుచుకున్న ప్రతిసారీ నేను శేషగిరిని తలుచుకునేదాన్ని, ప్రార్థనలో కూడా లేనంత శ్రద్ధగా.

నాన్న చెవిటివాడు కాదు. అసలు ఘోరం అదే. చప్పుళ్ళన్నీ ఆయనకు వినపడతాయి, కానీ విడివిడిగా వినపడవు. ఫ్యాను, అమ్మ గొంతు, రోడ్డు మీద ఆటో, పక్కింటి మిక్సీ, అన్నీ కలిపి పిసికిన ముద్దలా చెవిలో పడతాయి. ఏది ఫ్యానో, ఏది భార్యో తెలియదు.

ఈయన ఒకప్పుడు ఎవరనుకున్నారు? దేవసహాయం! గవర్నర్‌పేట స్టూడియోల్లో ఆ పేరు చెబితే పాటగాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. మిక్సింగ్ ఇంజనీరు. అంటే వేర్వేరుగా రికార్డు చేసిన గొంతునూ తబలానూ వయొలిన్లనూ, ఒకదాని నోరు ఇంకోటి నొక్కకుండా, ఒక పాటగా కూర్చే మనిషి. క్రిస్మస్ పాటలకు పెద్ద కోరస్ నిలబడి పాడుతుంటే, "వెనక వరసలో ఆ చివరి అమ్మాయికి జలుబు చేసింది, పాపం ఇంటికి పంపించండి" అనేవాడు. వెళ్ళి చూస్తే ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ ఉండేది.

ఆ చెవిని శేషగిరి దొంగిలించాడు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే దొంగిలించాడు.

శేషగిరి అంటే నాన్న పనిచేసిన స్టూడియో యజమాని. చెవి లేదు, నోరుంది. మెదడు శాస్త్రం చదివిన డాక్టర్ హైమవతి అనే ఆవిణ్ణి ఎక్కడినుంచో పట్టుకొచ్చి, స్టూడియో మేడ మీద ల్యాబ్ పెట్టించాడు. ఆవిడ దగ్గర తీగలు అల్లిన టోపీ ఒకటి ఉండేది. ఏళ్ళ తరబడి శ్రద్ధగా విన్న మనిషి మెదడులో, చేలో నడవగా నడవగా పడ్డ కాలిబాటల్లాగా, వినికిడికి దారులు పడి ఉంటాయట. టోపీ పెట్టి శబ్దాలు వినిపిస్తే ఆ దారుల పటం వస్తుంది. ఆ పటాన్ని ఇంకో తలలో అచ్చు వేస్తే, నిన్నటిదాకా తబలాకీ డోలుకీ తేడా తెలియనివాడు కూడా దేవసహాయంలా వింటాడు.

"దేవసహాయం, నీ విద్య నీతోనే మట్టిలో కలిసిపోతే పాపం గదయ్యా. పిల్లలకిద్దాం" అన్నాడు శేషగిరి. నాన్న పొంగిపోయాడు. పాఠం చెప్పడం లాంటిదే అనుకున్నాడు పిచ్చి మారాజు. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

పటం సరిపడా వచ్చింది, ఇక ఆపుదామని హైమవతి రెండో రోజే అన్నదట. "ఇంకా స్పష్టంగా కావాలి" అన్నాడు శేషగిరి. వారమంతా కూర్చోబెట్టాడు. విన్నదే వినిపించి, వినిపించిందే మళ్ళీ వినిపించి, కాలిబాట మీద లారీలు తోలితే ఏమవుతుంది? బాట మిగల్లేదు. ఇంటికొచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయి, "ఎందుకట్టా అందరూ ఒకేసారి అరుస్తున్నారు?" అన్నాడు. అప్పుడు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది.

మొదటి అచ్చు శేషగిరి తన తలకే వేయించుకున్నాడు. ఏడాది తిరక్కుండా మొగల్రాజపురంలో 'శ్రవణపీఠం' అని ఆడియో ఇంజనీరింగ్ నేర్పే అకాడమీ పెట్టాడు. చదువు పూర్తిచేసినవాళ్ళకు కానుకగా చెవి అచ్చు. దాని పేరు 'శేషగిరి చెవి'. బోర్డు మీద ఆయన ఫోటో, చెవి పక్కన బంగారు రంగు వలయాలు. అడగడానికి వెళ్ళిన అమ్మతో, "వయసు మీద పడితే చెవుడు రాదా ఏంటమ్మా? నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

పగ దేవుడికి వదిలెయ్యమన్నారు మా పాస్టరుగారు. దేవుడికి బోలెడు పనులుంటాయి అయ్యగారూ, ఈ ఒక్కటీ నేను చేసిపెడతానన్నాను. ఆ జూన్‌లో శ్రవణపీఠంలో చేరాను. నన్ను శేషగిరి గుర్తుపట్టలేదు. చిన్నప్పుడు స్టూడియోలో నేను 'బుజ్జమ్మ'ని. ఆ బుజ్జమ్మకు కెజియా అనే పేరుందని ఆయన ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

*

నాకు వినడం నేర్పింది నాన్నే. బడి సెలవుల్లో స్టూడియోలో తన పక్కన ఎత్తు స్టూలు వేసి కూర్చోబెట్టేవాడు. పాట కూర్చడం అయ్యాక నా వైపు తిరిగి, "ముల్లు ఉందా, బుజ్జమ్మా?" అని అడిగేవాడు. ముల్లంటే పాటలో చెవిని గుచ్చే సన్నటి కీచుదనం. అది మా ఇద్దరి మాట. "ఉంది నాన్నా, తాళాల దగ్గర" అంటే అక్కడ తగ్గించేవాడు. వెనక సోఫాలో పకోడీలు తింటూ శేషగిరి, "తండ్రీకూతుళ్ళ ఆట మొదలైందిరా" అని నవ్వేవాడు.

అది ఆట కాదు. వయసులో ఉండగా ఒక సువార్త సభలో మైకు కూత పెట్టింది. ఆ కూత హెడ్‌ఫోనులోంచి సూటిగా నాన్న చెవుల్లో దిగింది. అప్పటినుంచి ఆ సన్నటి శ్రుతి ఒక్కటే ఆయనకు వినపడదు. మిగతా లోకమంతా వినపడేది, ఆ ఒక్క చోట తూటు. సౌండింజనీరు చెవిలో తూటు ఉందని తెలిస్తే ఎవడు పనిస్తాడు? అందుకే అమ్మకూ నాకూ తప్ప మూడో మనిషికి చెప్పలేదు. ఆయన చేతికి ఒక ప్లాస్టిక్ డిజిటల్ వాచీ ఉండేది. దాని కూత సరిగ్గా ఆ తూటులోనే పడేది. అది మోగుతూనే ఉండేది, ఆయన పాటికి ఆయన అన్నం తింటూనే ఉండేవాడు. "నీ వాచీ మోగుతోందయ్యా, మా ప్రాణాలు తియ్యకు" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది.

ఇప్పుడు ఆ వాచీ నా చేతికి ఉంది. అలారం మార్చే మీట అరిగిపోయింది. రోజూ సాయంత్రం నాలుగింటికి మోగి తీరుతుంది.

శ్రవణపీఠంలో మొదటి నెలలు వైర్లు చుట్టడంతోనే సరిపోయాయి. మెలిక పడకుండా వైరు చుట్టడం రానివాడు మైకు ముట్టుకోకూడదు. తర్వాత ఏ వాయిద్యానికి మైకు ఎంత దూరంలో పెట్టాలి, ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి గోడ ఏం చెబుతోందో ఎలా వినాలి, ఇవన్నీ. నాన్న దగ్గర నేర్చినవే. కావాలని అప్పుడప్పుడు తప్పులు చేసేదాన్ని.

మాకు పాఠం చెప్పేది యుగంధర్ అనే సీనియర్. అచ్చు వేయించుకున్నవాడు, ఆ గర్వం మీసంలో కూడా కనపడేది. ఒకరోజు పాట వినిపించి, "తబలా వాయించేవాడికి చూపుడువేలు గోరు విరిగింది. వినపడిందా? మీకెందుకు వినపడుతుందిలే" అన్నాడు. సరిగ్గా అప్పుడే నా వాచీ మోగింది.

అచ్చు లేని మా బ్యాచి అంతా తలలు తిప్పారు. "ఎవరిదే ఆ కీచు? ఆపవే తల్లీ!" అని వెనక బెంచీ పిల్ల గొణిగింది. యుగంధర్ మాత్రం గోరు గురించి చెప్పుకుపోతూనే ఉన్నాడు. ముందు వరసలో కూర్చున్న సీనియర్లు ఒక్కరూ కదల్లేదు.

నాకు ఒళ్ళు జల్లుమంది. వాచీ ఆపలేదు. సందేహం అడిగే నెపంతో యుగంధర్ పక్కకు వెళ్ళి, చెయ్యి ఆయన చెవి దగ్గర పెట్టి జడ సవరించుకున్నాను. వాచీ కుయ్యి కుయ్యిమని కూస్తూనే ఉంది.

"ఏంటమ్మా, నిశ్శబ్దంగా ఉండండి, పాట వినండి" అన్నాడు మహానుభావుడు.

బాత్రూంలోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నాన్న చెవికి పడ్డ తూటు మెదడులోనూ పడిందన్నమాట. ఎన్నేళ్ళయినా ఆ దారిన ఏ శబ్దమూ రాకపోతే, మెదడు ఆ బాటకు కంప కొట్టేసింది. పటం తీసినప్పుడు ఆ కంప కూడా వచ్చింది. చెవిని దోచుకున్నవాళ్ళు చెవుడును కూడా మూట కట్టుకుపోయారు! పైగా నాన్నకు తన తూటు సంగతి తెలుసు, పక్కన స్టూలు వేసుకున్నాడు. వీళ్ళకు తెలియదు. అందుకే వీళ్ళు కూర్చిన ప్రతి పాటలోనూ ముల్లుంది. జనం చెవులు నొప్పంటూ సౌండు తగ్గించుకుంటుంటే, పత్రికలవాళ్ళు దానికి 'శేషగిరి మెరుపు' అని పేరు పెట్టి పొగిడారు.

*

ఆ సాయంత్రం ఫ్యాను ఆపి, ఫ్రిజ్జు ఆపి, కిటికీ మూసి, అంతా చెప్పాను.

అమ్మ పకపకా నవ్వింది. అమ్మ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! "తేలు కుట్టిన దొంగ! అరవనూ లేడు, ఊరుకోనూ లేడు" అంది.

నాన్న నవ్వలేదు. "ఆ తూటు సంగతి బయటపెట్టొద్దమ్మా. బతికినన్నాళ్ళూ దాచుకున్నా. పోయిన చెవి ఎట్టాగూ రాదు. వదిలెయ్."

"ఎట్టా వదిలెయ్యమంటావు నాన్నా?"

"నీ చెవి ఉంది గదా. నా చెవికి తక్కువైంది నీ చెవే. ఆ స్టూలు మీద కూర్చున్న చెవి. వాడికి అది దొరకలేదు. దాన్ని జాగ్రత్తగా చూసుకో, నాకంతే చాలు" అన్నాడు. లేచి ఫ్యాను వేసేశాడు. ఫ్యాను వేస్తే ఇక మాట్లాడననే.

నేను మెట్లు దిగుతుంటే అమ్మ వెనకే వచ్చింది. "ఆయన క్షమిస్తే క్షమించనీ. నేను మాత్రం క్షమించనే. నా మొగుడు నా గొంతు గుర్తుపట్టడానికి ఇంట్లో చప్పుడంతా చంపి కూర్చోవాల్సి వస్తోంది. ఊరందరి ముందూ వాడి పరువు తియ్యి. ఏం చేస్తావో నాకు తెలియదు" అంది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. దానికి ఏం ఇచ్చుకోవాలో కూడా తెలుసు. అది అమ్మకు చెప్పలేదు.

శ్రవణపీఠం వార్షికోత్సవం దగ్గరికొస్తోంది. రాష్ట్రమంతా శాఖలు పెట్టడానికి పెద్దమనుషులు ముందుకొచ్చారు. అంతేకాదు, గుండె చప్పుడు విని జబ్బు చెప్పే ఒక ముసలి డాక్టరుగారి చెవికి కూడా అచ్చు తీస్తారట. ఆయనకు ఆ రోజే శాలువా కప్పబోతున్నారు. ఆయన కూడా నాన్నలాగే పొంగిపోతూ తిరుగుతున్నాడు. ఆ సభకు సౌండు చేసేది ఆ ఏడాది పరీక్షలో మొదట వచ్చినవాళ్ళు. తప్పులు చెయ్యడం మానేశాను, మొదట వచ్చాను. కానీ ఒక నియమం ఉంది. అచ్చు లేని చెయ్యి ఆ సభలో మిక్సరును తాకకూడదు.

"నా చెవి నీకిస్తున్నానమ్మా. దణ్ణం పెట్టుకో" అన్నాడు శేషగిరి. వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాను. గొయ్యి తవ్వేవాళ్ళు ముందు వంగాలి గదా.

ల్యాబులో హైమవతి టోపీ సర్దుతూ నా చేతివంక చూసి ఆగిపోయింది. "ఈ వాచీ..." అంది. కళ్ళు దించుకుంది. "మీరు దేవసహాయంగారి అమ్మాయా?"

"అవును. చెప్పండి వెళ్ళి మీ అయ్యగారికి."

"చెప్పను." ఆవిడ టోపీ పక్కన పెట్టింది. "నాన్నగారికి తిరిగి అచ్చు వెయ్యొచ్చేమోనని చాలా ప్రయత్నించానమ్మా. చెరిపిన పలక మీద మళ్ళీ రాయొచ్చు. పగిలిన పలక మీద రాయలేం."

"మీరు ఆ రోజు టోపీ తీసేసి ఉంటే పలక పగిలేది కాదు."

ఆవిడ మళ్ళీ టోపీ అందుకుంది. "ఆయన పటంలో ఒక చోట ఖాళీ ఉంది. నేను చూశాను. శేషగిరిగారు అడగలేదు, నేను చెప్పలేదు. ఇది వేయించుకుంటే నీకూ ఆ చోటు పోతుంది. నీ సొంత చెవి అడుగున పడిపోతుంది, మళ్ళీ పైకి రాదు. ఆలోచించుకో" అంది.

ఆలోచించుకోవడం ఎప్పుడో అయిపోయింది. అంతకుముందు రోజే మంచి మైకు ఒకటి పెట్టి, వాచీ కూతను శుభ్రంగా రికార్డు చేసి పెట్టుకున్నాను. చివరిసారి దాన్ని పదేపదే విన్నాను. ఎంత వికారమైన కూతో! స్టూలు మీద కూర్చున్నప్పటి నా పనంతా ఆ కూతలోనే ఉంది. ఏడుపొచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

"వెయ్యండి" అన్నాను.

*

అచ్చుకు నొప్పి ఉండదు. కాసేపు నిద్ర పట్టినట్టుంటుంది, అంతే. లేచి బయటికొస్తే లోకం విడిపోయి ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ హారన్ల మధ్య చెరుకురసం మిషను గజ్జెలు వేరుగా, పళ్ళబండివాడి దగ్గు వేరుగా, బస్సులో పసిపిల్ల గుక్క వేరుగా, దేని చోట అది. నాన్న ఇట్టా వినేవాడా! ఇంత సంపద ఆయన తలలో ఉండేదా! నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

ఇంటికొచ్చాను. ఫ్యాను తిరుగుతోంది, ఫ్రిజ్జు మూలుగుతోంది, పక్కింట్లో మిక్సీ. వంటింట్లో అమ్మ సన్నగా కూనిరాగం తీస్తోంది. నేను వెతకలేదు. చెవి తనంతట తనే అన్నిటినీ వెనక్కి నెట్టి అమ్మ గొంతును ముందుకు తెచ్చి నిలబెట్టింది. అప్పుడర్థమైంది. నాన్న చెవి ఏ గదిలోకి అడుగుపెట్టినా అన్నిటికంటే ముందు వెతికేది ఈ గొంతునే. ఇన్నేళ్ళూ అంతే. ఆ సంగతి ఆయన అమ్మకు ఒక్కసారి కూడా చెప్పి ఉండడు. శేషగిరి తలలో ఈ దారి కూడా ఉందన్నమాట. మా అమ్మ గొంతు కోసం వేసిన దారిలో వాడు తిరుగుతున్నాడన్నమాట!

అమ్మ గరిట పట్టుకుని బయటికొచ్చింది. "ఆపవే, ఎంతసేపు మోగిస్తావు?"

"ఏంటమ్మా?"

"వాచీ."

చెయ్యి ఎత్తి చూసుకున్నాను. అద్దంలో చిన్న గంట బొమ్మ కొట్టుకుంటోంది. నాకేమీ వినపడలేదు. అమ్మ నా ముఖం చూసింది, వాచీ చూసింది. గరిట చేతిలోంచి జారిపోయింది. "నేను చెయ్యమన్నది ఇదా? ఓసి పిచ్చి మొహమా, ఇదా నేను చెయ్యమంది?" అని నెత్తి కొట్టుకుంది. పక్కనే కుర్చీలో ఉన్న నాన్నకు మా గొడవ ఫ్యాను ముద్దలో కలిసిపోయింది. "ఆయనకు తెలియనివ్వకు" అంది అమ్మ.

*

వార్షికోత్సవానికి ఆడిటోరియం కిటకిటలాడింది. పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు సోఫాల్లో, వాళ్ళ వెనక ఒకే రంగు కోట్లు వేసుకున్న అచ్చు విద్యార్థులు, ఆ వెనక ఊరి జనం. హాలు చివర మిక్సరు ముందు నేను. అమ్మ వచ్చి నా పక్కనే కూర్చుంది.

శేషగిరి వేదిక మీద పట్టు కండువా సర్దుకుంటూ, "ఈ హాల్లో చీమ తుమ్మినా నాకు వినపడుతుంది. పాట వెయ్యమనండి. దాంట్లో తప్పులు పెట్టించాను. ఏ తప్పు ఎక్కడుందో చెబుతాను" అన్నాడు.

పాట వేశాను. "వీణ మూడో తీగె దిగింది" అన్నాడు. చప్పట్లు. "గాయని కుర్చీ కిర్రుమంది" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. రెండూ నాకూ వినపడ్డాయి. అవి మా నాన్న చప్పట్లు.

అప్పుడు వాచీ కూత ఉన్న మీటను పైకి జరిపాను.

నాకు పాటే వినపడుతోంది, మధురంగా ఉంది. మిక్సరు మీద ఎర్ర దీపాలు మాత్రం నిచ్చెన ఎక్కుతున్నాయి. సోఫాలో ఒకాయన నుదురు చిట్లించాడు. వెనక వరసల్లో చేతులు చెవుల మీదికి పోయాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. "వస్తోందా అమ్మా?" అని అడిగాను. అమ్మ రెండు చెవులూ మూసుకుని, పళ్ళు బిగబట్టి, "ఇంకా పెంచు" అంది.

పెంచాను. సగం హాలు లేచి నిలబడింది. "ఆపండయ్యా ఆ కూత!" అని కేకలు. కోట్లు వేసుకున్న విద్యార్థులు మాత్రం తాళం వేస్తూ, అందరూ ఎందుకు లేచారో తెలియక వెనక్కి తిరిగి చూస్తున్నారు. శేషగిరి చిరునవ్వు చెదరలేదు. "కూర్చోండి, కూర్చోండి. ఎంత స్వచ్ఛంగా ఉంది! ఇక ఈ పాటలో తప్పేమీ లేదు" అన్నాడు.

మైకు నోటి దగ్గరకు తీసుకున్నాను. "సార్, ముల్లు ఉందా?"

ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం అంత దూరం నుంచి కూడా కనపడింది. సోఫాలో కూర్చుని పకోడీలు తింటూ ఎన్నిసార్లు విన్నాడో ఆ మాట!

"బుజ్జమ్మా?" అన్నాడు.

"అవును సార్, దేవసహాయంగారి బుజ్జమ్మని. మీ చెవి పక్కన ఇప్పుడొక కూత కూస్తోంది. ఊరందరికీ వినపడుతోంది, మీకూ మీ శిష్యులకూ తప్ప. ఆ చెవుడు లోకంలో ఒక్క మనిషికే ఉండేది. అది మీకెట్టా వచ్చిందో మీరే చెప్పండి."

హాలు గగ్గోలైపోయింది. హైమవతి తన కుర్చీలోంచి లేచింది. "ఆ చెవి శేషగిరిగారిది కాదు. దేవసహాయంగారిది. తీసేటప్పుడు ఆయన చెవి పాడైపోయింది. ఆపమంటే ఆపలేదు. నేనూ దోషినే" అంది. శాలువా కప్పుకున్న ముసలి డాక్టరుగారు ఆ శాలువా తీసి కుర్చీ మీద పెట్టి బయటికి నడిచారు. పెద్దమనుషులు ఆయన వెనకే లేచారు.

నేను మీట కిందికి దించేశాను. శేషగిరి వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఆపమ్మా, ఆ కూత ఆపు! నీకేం కావాలో ఇస్తాను."

"ఎప్పుడో ఆపేశాను సార్."

"అబద్ధం! ఉందా?" అని పక్కవాణ్ణి అడిగాడు. "లేదండీ" అన్నాడు వాడు. నమ్మలేదు. అమ్మ వైపు తిరిగాడు. "ఇప్పుడుందా? చెప్పమ్మా, ఉందా?" అమ్మ ఆయన వంక చూసి పెదవి విప్పలేదు. ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ, "ఇప్పుడుందా? ఇప్పుడో?" అని అడుగుతూ, అడుగుతూనే ఏడ్చేశాడు. కండువాతో ముఖం కప్పుకుని, మిక్సరు బల్ల పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను కళ్ళార్పకుండా చూశాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా బాగుంది.

*

శ్రవణపీఠానికి తాళం పడింది. కేసు నడుస్తోంది. శేషగిరి వీధిలో కనపడితే కుర్రకారు వాచీలు మోగిస్తున్నారు. ఆయనకు వినపడదు, పక్కవాళ్ళు నవ్వితే ఉలిక్కిపడి తిరుగుతాడు. అచ్చు ఉన్న ఇంజనీర్లు ఇప్పుడు తమ పక్కన స్టూలు వేసుకుని, అచ్చు లేనివాళ్ళను కూర్చోబెట్టుకుంటున్నారట. యుగంధర్ ఫోన్ చేసి క్షమించమన్నాడు. వాణ్ణి క్షమించాను. వాడు కూడా మోసపోయినవాడే.

సభ జరిగిన మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాను దానంతట అదే ఆగింది. నాన్న పేపరు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మొదటి పేజీలో ఆయన పేరుంది. వేలితో దాన్ని నిమురుతున్నాడు.

"మీ అమ్మ పాడింది ఏదన్నా ఉంటే వెయ్యి, కరెంటు వచ్చేలోపు విందాం" అన్నాడు.

ఫోనులో అమ్మ చర్చిలో పాడిన పాట వేశాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఆ గొంతు ఒక్కటే, వేరే చప్పుడు లేదు, అందుకని ఆయనకు అందింది. తర్వాత అలవాటుగా నా వైపు తిరిగాడు.

"ముల్లు ఉందా, బుజ్జమ్మా?"

"లేదు నాన్నా" అన్నాను.

అమ్మ వంటింటి గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ చూపు నా చేతి మీద పడింది, గభాలున నాన్న మీదికి పోయింది. నాన్నకు చెవి పోయిందేమో గానీ కళ్ళు పోలేదు. అమ్మ చూపు వెంటే వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. వాచీ అద్దంలో గంట బొమ్మ కొట్టుకుంటోంది. నాలుగయింది. ఆయన మీట నొక్కి దాన్ని ఆపాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

"సభకు ముందు. అచ్చు లేకపోతే మిక్సరు ముట్టుకోనివ్వరు నాన్నా."

"నాది పోయిందని నేను ఏడవలేదే. నీది ఉందిగా అనుకున్నా" అన్నాడు. ఆ మాటకు నేను ఆయన ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. ఆయన నా జుట్టు నిమిరాడు. అమ్మ గ్లాసులు కింద పెట్టి మా పక్కన నేల మీద కూలబడింది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు అందుకుంది, పక్కింటి మిక్సీ మొదలైంది. నాన్న పెదవులు కదిలాయి. తన మాట తనకే వినపడదు గనుక ఎవరికీ వినపడదనుకున్నాడో ఏమో, లోలోపల గొణుక్కున్నాడు. ఆ రొదలో అమ్మకు కూడా వినపడలేదు. నాకు మాత్రం ఆయన చెవితోనే ఆయన మాట తేటగా వినపడింది.

"ఏడ్చాడా వాడు?"

నేను తలెత్తి ఆయన కళ్ళలోకి చూసి, అవునని ఊపాను.

"బాగా?"

ఇంకా గట్టిగా ఊపాను. అమ్మ ఏం మాట్లాడుకుంటున్నారోనని లేచి ఫ్యాను స్విచ్చు వైపు వెళ్ళింది. నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"ఉండనీ ఎస్తేరూ, చల్లగా ఉంది" అని కుర్చీలో వెనక్కి వాలి, టీ గ్లాసు అందుకున్నాడు.